చెట్టు వంతు

మనిషన్నాక మాట ఒకటే ఉండాలంటారు. శ్రీరామప్ప మాత్రం ఆ ఏడాది ఉగాది రాకముందే ఒకే విషయం మీద ఇద్దరికి మాట ఇచ్చేశాడు. మామిడి సంఘం రామాంజినప్ప వచ్చి అడిగితే ఒప్పందం కావాలన్నాడు. పాల డైరీ సెక్రెటరీ కదిరప్ప వచ్చి అడిగితే వద్దన్నాడు. ఇందులో మోసం గానీ గోడమీది పిల్లివాటం గానీ ఏమీ లేదు. వాళ్లు చెబుతుంటే వింటున్నంతసేపూ ఆయనకు రెండూ నిజమే అనిపించాయి. వచ్చిన చిక్కల్లా అదే.

రాయల్పాడులో ఆయనకు చెప్పుకోదగ్గవి రెండే ఉన్నాయి. ఒకటి మామిడితోట. అది ఆయన సంపాదించింది కాదు, మామగారిది. కొడుకులు లేని ఆ పెద్దాయన భూమిని కూతుళ్లిద్దరికీ పంచి, తోట ఉన్న ముక్కను చిన్నకూతురు చిన్నవెంకటమ్మకు వదిలిపోయాడు. కోలారు బంగారు గనుల్లో భూమి అడుగున సగం వయసు గడిపి, గని మూతపడినప్పుడు తట్టాబుట్టా సర్దుకుని వచ్చిన శ్రీరామప్పకు ఆ తోటే దిక్కయింది. రెండోది దొరసాని. దొరసాని అంటే ఆవు, నలుపూ తెలుపూ మచ్చల సీమావు. ఇంట్లో ఉప్పూపప్పూ దాని పాల మీదే వచ్చేవి. మామిడి ఏడాదికోసారి మొహం చూపిస్తుంది, దొరసాని పొద్దునా సాయంత్రమూ చూపిస్తుంది అనేది చిన్నవెంకటమ్మ. దాని పొదుగు కడగడానికి వేన్నీళ్లు కాచేది. మొగుడికి మాత్రం చన్నీళ్లే.

మామిడి పూత మీదున్న రోజుల్లో రామాంజినప్ప వచ్చి అరుగుమీద కూర్చుని చెప్పుకొచ్చాడు. యూరపు దేశాలన్నీ ఒక జట్టట. లోపల ఎన్ని కొట్లాటలున్నా బేరానికి వచ్చేటప్పుడు మాత్రం ఒకే మనిషిలా వస్తారట. ఆ జట్టుకూ మన దేశానికీ వ్యాపార ఒప్పందం మాటల్లో ఉందట. అది కుదిరితే మన బాదామి రకం మామిడిపండుకు దారి తెరుచుకుంటుంది. బెంగళూరు నుంచి ఎగుమతి కంపెనీ ఒకటి వచ్చి ముందుగానే తోటలు ఎంచుకుంటోంది. ఎంచుకున్న తోటకు మండీ ధర మీద రెట్టింపు ఇస్తారు.

శ్రీరామప్ప మనసు వెంటనే బోరుబావి మీదికి పోయింది. అది రెండేళ్లుగా దగ్గుతూ దగ్గుతూ నీళ్లు పోస్తోంది. ఒక్క పంట మంచి ధరకు పోతే ఇంకో బోరు వేయించుకోవచ్చు. నీళ్లుంటే తోటా ఉంటుంది, ఆవూ ఉంటుంది. నీళ్లు లేకపోతే రెండూ ఉండవు. అంతవరకూ ఆయన లెక్క తప్పేమీ కాదు.

అయితే యూరపువాళ్లకు నియమాలు ఎక్కువట. చెట్లకు ఏ మందు ఎప్పుడు కొట్టాలో వాళ్లే చెబుతారు. పండుఈగను పట్టే డబ్బాలు కొమ్మకొమ్మకూ వేలాడదీయాలి. తోటలో పశువు ఉండకూడదు. ఈ చివరి మాట దగ్గర చిన్నవెంకటమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"వాళ్ల ఊర్లలో ఆవులు లేవా అప్పా?" అని అడిగాడు శ్రీరామప్ప.

"ఉండాయి. మనవాటికన్నా బాగుండాయి. కానీ వాళ్లు మామిడి చెట్లకింద కట్టెయ్యరు."

"వాళ్లకు మామిడి చెట్లే లేవు గదా."

రామాంజినప్ప మజ్జిగ తాగి లేచాడు.

చిక్కేమంటే ఇల్లూ, బోరూ, పశువుల పాకా అన్నీ తోట లోపలే ఉన్నాయి. కంచె దాటితే పరాయి నేల. దొరసానిని తోటలోంచి తీయడమంటే ఊర్లోంచే తీయడం. అప్పటికది చూలుతో ఉంది. చిన్నవెంకటమ్మ రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు తనే, ఈ ఒక్క కాపుకే అయితే సరేనంది. కాయ కోత అయిపోయిన మర్నాడే దొరసాని తిరిగి ఇంటికి రావాలి. శ్రీరామప్ప గనిదేవత మీద ఒట్టేసి మరీ ఒప్పుకున్నాడు.

ఆవును నంగలికి తోలారు. అక్కడ చిన్నవెంకటమ్మ అక్క అక్కయమ్మ ఉంది. నాలుగు ఆవులూ, గడ్డివామీ, ఒద్దిక గల కొడుకులూ ఉన్న గట్టి మనిషి. ఆ పక్క ఊళ్లలో పశువును ఇంకొకరికి పాలికివ్వడం పాత అలవాటే. మేపినవాళ్లకు ఇంత, సొంతదారుకు ఇంత అని ముందే అనుకుంటారు. అక్కయమ్మ పాక ముందర నిలబడి తేల్చి చెప్పింది.

"తోబుట్టువులమైనా మాట మాటే. ఆవు నీది, ఈనే దూడ నాది. నా ఇంట్లో ఉన్నన్నాళ్లు పాలు నావి. నీకెప్పుడు కావాలంటే అప్పుడు ఆవును తోలుకొని పో."

చిన్నవెంకటమ్మ సరేనంది. ఆకూవక్కా మార్చుకున్నారు. ఇంతలోనే అయిపోయింది. ఒప్పందమంటే ఇట్లా ఉండాలి, చంటిపిల్లకైనా అర్థమవుతుంది అని శ్రీరామప్ప టెంపోలో వస్తూ వస్తూ మెచ్చుకున్నాడు. పక్కన కూర్చున్న చిన్నవెంకటమ్మ ఆవు మెడలోంచి విప్పిన చిరుగంటను దారిపొడుగునా ఒళ్లో పట్టుకుంది.

తర్వాతి వారం డైరీ కదిరప్ప వచ్చాడు. ఆయనా అరుగుమీదే కూర్చుని చెప్పాడు. బయట ఏదో పెద్ద జట్టుందట. అక్కడి ఆవు ఒక్కటి మన ఆవులు నాలుగైదు ఇచ్చే పాలు ఇస్తుందట. అక్కడి సర్కార్లు రైతుకు ఎదురు డబ్బిచ్చి మరీ ఆవుల్ని సాకిస్తాయట. తాగగా మిగిలిన పాలను పొడి చేసి, గడ్డ కట్టించి ఓడల్లో పంపుతారట. ఒప్పందం కుదిరితే ఆ పొడి సుంకం లేకుండా వచ్చి మన డైరీల నెత్తిన పడుతుంది. అప్పుడు మన పాలు కుక్కలు కూడా ముట్టవు. కాబట్టి అందరూ కోలారుకు వచ్చి డీసీ ఆఫీసు, అంటే కలెక్టరు ఆఫీసు ముందర కూర్చుని వద్దని చెప్పాలి.

"వద్దనే చెప్తాను. ఇదేం ఒప్పందమప్పా, ఇట్లాంటిది ఎవురు పెట్టినారు?" అన్నాడు శ్రీరామప్ప. "మామిడికాయల ఒప్పందం ఒకటి వస్తాదంట, అట్లాంటి మంచిది చేసుకోకుండా."

"అదే ఇది."

"ఏది?"

"ఆ ఒప్పందమే ఈ ఒప్పందం. ఒక్కటే కాయితం."

శ్రీరామప్ప ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఒకే కాయితం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో ఎట్లా తీసుకుంటుందో ఎంత ఆలోచించినా తెగలేదు. ఇలాంటి అయోమయం ఆయనకు ఇది మొదటిసారి కూడా కాదు. గని మూసేటప్పుడు పెద్దసార్లు చెప్పిన మాట ఒకటుంది. ఇక్కడ బంగారం తవ్వి తీసేదానికన్నా బయటి దేశంలో కొనేదే చవక అని. బంగారు తీగ మెరిసే రాయిని ఈ రెండు చేతులతో పట్టుకున్న మనిషి ఆయన. చేతిలో ఉన్నది, సముద్రం అవతల ఉన్నదానికన్నా ఎక్కువ ధర ఎట్లా అవుతుందో అప్పుడూ అర్థం కాలేదు. ఇన్నేళ్లకీ కాలేదు. అడిగితే అందరూ తలూపేవారే గానీ విప్పి చెప్పినవాడు లేడు.

ధర్నా రోజు వచ్చింది. విచిత్రమేమంటే మామిడి సంఘం వాళ్లు కూడా అదే రోజు పెట్టుకున్నారు. శ్రీరామప్ప మామిడివాళ్ల టెంపోలో పోయాడు. చిన్నవెంకటమ్మ డైరీవాళ్ల వ్యానులో పోయింది. ఆవు నంగలిలో ఉన్నా తాను పాలుపోసే మనిషినేనని ఆమె పంతం. కోలారులో దిగి చూస్తే రోడ్డుకు ఆ పక్క పాలవాళ్లు, ఈ పక్క మామిడివాళ్లు. రెండు పక్కలా షామియానాలు ఒకే అంగడివి. రెండు పక్కలా మైకుల్లో రైతు బతకాలనే అరుస్తున్నారు. ఒప్పందం చేస్తేనే బతుకుతాడని ఈ మైకు, చేస్తే చస్తాడని ఆ మైకు. మధ్యన బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి.

ఎండ ముదిరేసరికి శ్రీరామప్పకు పెళ్లాం గుర్తొచ్చింది. ఆమెకు ఎండ పడదు. నీళ్ల సీసా తీసుకుని రోడ్డు దాటాడు. చేతిలో మామిడి సంఘంవాళ్లిచ్చిన ఆకుపచ్చ జెండా అట్లాగే ఉంది. మామిడివాడొకడు బుద్ధి తెచ్చుకుని మా వైపు వచ్చేశాడని పాలవాళ్లు చప్పట్లు కొట్టారు. మనవాడు పోయాడని మామిడివాళ్లు ఈలలు వేశారు. ఆయన సీసా ఇచ్చి తిరిగి రోడ్డు దాటేసరికి చప్పట్లూ ఈలలూ పక్కలు మార్చుకున్నాయి. చిన్నవెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

చివరికి ఆఫీసులోంచి ఒక అధికారి వచ్చి రెండు పక్కల అర్జీలూ ఒకే చిరునవ్వుతో తీసుకున్నాడు. పైకి పంపుతానన్నాడు. అసలు ఒప్పందంలో ఏముందో చెప్పండి సామీ అని శ్రీరామప్ప అడిగేశాడు. మాటలు ఇంకా నడుస్తున్నాయని, పూర్తయ్యేదాకా అందులో ఏముందో తనకూ తెలియదని ఆయన నిజాయితీగానే చెప్పాడు. అంటే పొద్దుటినుంచీ కావాలని అరిచినవాళ్లకూ తెలియదు, వద్దని అరిచినవాళ్లకూ తెలియదు. శ్రీరామప్ప జెండాను టెంపో సీటుకింద పెట్టి చిత్రాన్నం పొట్లం విప్పుకున్నాడు.

బాదామి కోతకొచ్చింది. రామాంజినప్ప తోటతోటకూ తిరిగి చివరి నియమం చెప్పాడు. కోసేటప్పుడు చెట్టు మీద ఒక్క కాయ కూడా వదలకూడదు, కింద ఒక్క పండు కూడా రాలి ఉండకూడదు. శ్రీరామప్ప శ్రద్ధగా విన్నాడు. విని కూడా చేసిందే చేశాడు. అది నిర్లక్ష్యం కాదు. పాపం, ఆయనకున్న భక్తి అది.

ఆ తోటలో మామగారి నాటినుంచీ ఒక వాడుక ఉంది. కాయ కోసేటప్పుడు ప్రతి చెట్టుకూ తూర్పు కొమ్మ మీద నాలుగు కాయలు వదిలేస్తారు. అది చెట్టు వంతు. పక్షి తిన్నా, పురుగు తిన్నా, పండి రాలినా అది చెట్టిష్టం. చెట్టును బోడిచేస్తే మరుసటి ఏడు అలుగుతుందని మామగారు చెబితే, ఊర్లో కుర్రవాళ్లు నవ్వేవారు గానీ శ్రీరామప్ప నవ్వలేదు. గనిలో ఆయనకు అబ్బిన మొదటి పాఠం అదే. రాయి తవ్వుకుంటూ పోయేటప్పుడు అక్కడక్కడా రాతికంబాలు వదిలేయాలి. కంబంలో బంగారం మెరుస్తున్నా ముట్టకూడదు. అది మనది కాదు, పైకప్పుది. ఆశపడి అది కూడా తొలిచేస్తే ఏదో ఒక రోజు ఏర్‌బ్లాస్టు వస్తుంది. నేల లోపలే గర్జించి రాళ్లు మనుషుల మీద పడతాయి. అట్లా పడ్డచోటినుంచి స్నేహితుల్ని మోసుకొచ్చిన చేతులవి. ఇంక ఆ చేతులు చెట్టును ఊడ్చేస్తాయా?

ఒక్క కాయ కూడా వదలొద్దన్నారు కదా అని చిన్నవెంకటమ్మ గుర్తుచేయకపోలేదు.

"మన వంతులో వదలొద్దన్నారు. చెట్టుది కూడా కోసియ్యమన్నారా?" అన్నాడాయన. ఆమెకు ఆ మాట సబబుగానే తోచింది.

సగం తోట కోసి కంపెనీ లారీకి ఎక్కించారు. మిగతా సగం కోసే ముందర తోటలు చూసే అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చింది. మంచి పిల్ల, చెప్పులు విప్పి ఇంట్లోకి వచ్చి నీళ్లడిగి తాగింది. తర్వాత కోసిన చెట్లకింద తిరిగింది. తూర్పు కొమ్మల కింద పండి రాలినవి కనిపించాయి. ఒకటి తీసి చాకుతో కోసింది. లోపల సన్నటి తెల్లపురుగులు కదులుతున్నాయి. రెండోది కోసింది. అందులోనూ ఉన్నాయి. పండుఈగ గుడ్లు పెట్టేది ఇట్లా వదిలేసిన పండ్లలోనే, ఒక పెట్టెలో ఒక్క పురుగు దొరికినా అక్కడ మొత్తం సరుకును ఆపేస్తారు అని ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. ఈ తోట ఈ ఏడాదికి పనికిరాదు, పోయిన లారీలో ఈ తోట కాయలుంటే వేరు చేసి పంపేస్తారు. చెబుతుంటే ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. శ్రీరామప్పకు కోపం తెచ్చుకోవడానికి కూడా మనిషి దొరకలేదు.

సిగ్గుతో ఆయన నాలుగు రోజులు ఊర్లోకి పోలేదు. కాయలన్నీ గుజ్జు ఫ్యాక్టరీకి వచ్చిన ధరకు తోలేశారు. కొత్త బోరు మాట అక్కడితో ఆగింది. లారీ మునిశామప్ప కాయలు ఎక్కించుకుంటూ ఊరికే ఉండక, ఈ గుజ్జు డ్రమ్ములు ఎక్కడికి పోతాయో తెలుసా అన్నాడు. ఓడెక్కి యూరపుకే పోతాయట. ఉడికించి సీలు వేశాక ఈగ ఉండదు కాబట్టి వాళ్లకు అభ్యంతరం లేదట.

"అంటే మన కాయ ఆ ఊరికి పోతాదా, పోదా?" అన్నాడు శ్రీరామప్ప.

"పోతాది, పోదు" అని మునిశామప్ప లారీ స్టార్టు చేశాడు.

ఎటు చూసినా కోత అయిపోయింది. చిన్నవెంకటమ్మ దెప్పలేదు, ఏడవలేదు. ఇంగ నా ఆవును తెచ్చి పెట్టు అంది, అంతే. శ్రీరామప్పకు ఈ మాట ఒక్కటైనా నిలబెట్టుకోగలనన్న ధైర్యం వచ్చింది. నంగలికి పోయాడు. దొరసాని ఈని ఇరవై రోజులైంది. పెయ్యదూడ, తల్లిలాగే మచ్చలు, నుదుట తెల్లబొట్టు. అక్కయమ్మ మాట తప్పే మనిషి కాదు. మరిదికి కడుపునిండా అన్నం పెట్టి, ఆవు పలుపు చేతికిచ్చింది. దూడను లోపలి గదిలో కట్టేసింది. టెంపో ఊరు దాటేదాకా దొరసాని తల వెనక్కి తిప్పి అరుస్తూనే ఉంది.

ఇంటికొచ్చిన ఆవు చేపలేదు. పొదుగు రాయిలా బిగిసింది గానీ చుక్క పాలు దించలేదు. చిన్నవెంకటమ్మ వేన్నీళ్లతో కడిగింది, చిరుగంట మళ్లీ మెడలో కట్టింది, తవుడూ బెల్లమూ పెట్టింది. ఆవు ముట్టలేదు. రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. రెండో రోజు చెయ్యి వేస్తే తన్నింది. పుట్టినప్పటినుంచీ ఎవరినీ తన్నని ఆవది. చిన్నవెంకటమ్మ దాని పక్కనే కూలబడి, నాలుగు నెలలుగా ఆపుకున్నదంతా ఏడ్చేసింది. శ్రీరామప్ప ఏం చేయాలో తోచక లాజిక్కు తీశాడు.

"దూడ మీ అక్కకని ఒప్పుకున్నది నువ్వే గదా."

"నేనే ఒప్పుకున్నాను. అక్క కూడా అన్నమాట ప్రకారమే చేసింది. ఎవురిదీ తప్పు లేదు" అని ఆమె కళ్లు తుడుచుకుంది. "దీన్ని మాత్రం ఎవురమూ అడగలేదు."

మర్నాడు తెల్లారి ఆమే టెంపో పిలిపించింది. ఆవును ఎక్కించి తనూ ఎక్కింది. మళ్లీ నంగలికే ఎందుకని శ్రీరామప్ప వెంటపడి అడిగితే, చెట్టుకు వంతు వదిలినోడివి ఆవుకు వదలలేవా అంది. ఆయన కూడా టెంపో ఎక్కాడు. నంగలిలో అక్కయమ్మ మొదట అనుమానంగా చూసింది, మాట మార్చడానికి వచ్చారేమోనని. దూడ నీదే అక్కా, దీన్ని కూడా దాని దగ్గరే ఉండనీ అని చిన్నవెంకటమ్మ ఆవు పలుపు విప్పేసింది. దూడ పాలు మరిచేదాకా అని చెల్లెలూ, చూద్దాం అని అక్కా అనుకున్నారు. ఈసారి ఆకూవక్కా మార్చుకోలేదు. విప్పిన దూడ ఒక్క దూకున వచ్చి పొదుగుకు తగులుకుంది. దొరసాని కళ్లు అరమూసి నిలబడింది. అక్కాచెల్లెళ్లిద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. శ్రీరామప్ప ఖాళీ పలుపును తీసి చేతికి చుట్టుకున్నాడు.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అరుగుమీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకడు రామాంజినప్ప, ఒకడు కదిరప్ప. ఒకరికొకరు మాట్లాడుకోకుండా చెరో మూలా ఉన్నారు. ఒప్పందం మాటలు మళ్లీ ఊపందుకున్నాయట. వచ్చే నెల బెంగళూరులోనే ధర్నా అట. వచ్చే కాపుకు తోటను మళ్లీ చూపిద్దాం, మా టెంపోలో రా అన్నాడు రామాంజినప్ప. పాలవాళ్ల వ్యాను ఇంటి ముందరికే వస్తుంది అన్నాడు కదిరప్ప. వాళ్ల జట్టుకు ఏమి లాభమో, మనకేమి నష్టమో, మనకేమి లాభమో, వాళ్లకేమి నష్టమో ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు.

శ్రీరామప్ప చేతిలో ఖాళీ పలుపు ఇంకా అట్లాగే ఉంది. దాన్ని వాకిట్లో కొయ్యకు తగిలించి వచ్చి వాళ్ల మధ్యన కూర్చున్నాడు.

"మీరు చెప్పేదంతా బాగుండాది. నాకు ఒక్కటి చెప్పండప్పా. ఆ కాయితంలో దూడ ఎవురికని రాసుకున్నారు?"

ఇద్దరూ మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ దూడ అని అడిగాడు కదిరప్ప. శ్రీరామప్ప కొయ్యకున్న ఖాళీ పలుపు చూపించాడు. లోపలినుంచి చిన్నవెంకటమ్మ వచ్చి ముగ్గురికీ పాలు లేని టీ ఇచ్చిపోయింది.